జోలె నుంచి మైదానానికి: తెలుగు తారల సహాయార్థ క్రీడలు, ప్రచారం, గుంటూరు–ప్రకాశం పల్లెలు

ప్రకృతి వైపరీత్యం సంభవించినప్పుడు సినీ కళాకారులు ప్రజల ముందుకు వచ్చి విరాళాలు సేకరించడం తెలుగునాట ఏడు దశాబ్దాలకు పైబడిన ఆచారం. అది మొదట జోలె రూపంలోను, పిదప రంగస్థల ప్రదర్శనల రూపంలోను, ఇటీవల క్రికెట్ వంటి క్రీడల రూపంలోను సాగింది. ఈ విషయంపై మనకు లభించే రచనల్లో అధికభాగం జీవితచరిత్రలు, అభినందన సంచికలు. ఎవరు ఎంత ఇచ్చారో, ఎంత సేకరించారో అవి చెబుతాయి. ఎవరి నిమిత్తం సేకరించారు, ఎవరి నిమిత్తం సేకరించలేదు అన్న ప్రశ్న వాటికి తట్టదు. సహాయార్థ క్రీడకు ఒక తేదీ, ఒక ఊరిపేరు ఉన్న విపత్తు కావాలనీ, ఆ రెండూ లేని విపత్తుకు దానిలో చోటు దొరకదనీ ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. పత్తి, మిరప పండే పూర్వపు గుంటూరు, ప్రకాశం జిల్లాల మైదానాలు రెండు రకాల విపత్తులనూ చవిచూశాయి. అందువల్ల ఈ పరిశీలనకు ఆ ప్రాంతాన్ని ఎన్నుకున్నాను.

మొదట ఒక భేదాన్ని గుర్తించాలి. క్రీడాకారుడు సహాయార్థం ఆడటం వేరు, నటుడు ఆడటం వేరు. 1895లో నాగపూరులోని తెలుగు కుటుంబంలో జన్మించిన సి.కె.నాయుడు 1926లో బొంబాయిలో ఎం.సి.సి. జట్టుపై 11 సిక్సర్లతో 153 పరుగులు చేసి దేశమంతటా పేరు పొందారు. 1932లో భారత జట్టు తొలి టెస్టుకు నాయకత్వం వహించారు. ఒక టానిక్కు ప్రకటనలోనూ కనిపించారు. క్రీడాకారుని పేరును సరుకు అమ్మకానికి వాడుకోవడం మనదేశంలో ఆరంభమైన తొలిదశకు అది ఉదాహరణ. ఆయన చివరిసారిగా మైదానంలో దిగింది 1963–64లో, 68వ ఏట, మహారాష్ట్ర గవర్నర్ జట్టు పక్షాన ఆడిన సహాయార్థ పోటీలో. వయసు మీరినా ప్రేక్షకుడు చూడవచ్చింది ఆయన ఆటనే. నటుడు బ్యాటు పట్టినప్పుడు పరిస్థితి తిరగబడుతుంది. అతనికి ఆట రాకపోవడమే అక్కడ వినోదం. తెరపై ఓడని కథానాయకుడు సున్నాకు అవుటైతే చూసేవాడు నవ్వుతాడు, ఆ నవ్వు కోసమే టిక్కెట్టు కొంటాడు. విపత్తుకూ ఈ నవ్వుకూ సంబంధమేమిటన్న సందేహం ఎవరికైనా కలగవచ్చు. అది అన్యాయమైన సందేహమని నేను అనుకోను.

క్రీడకు ముందున్న రూపం జోలె. 1952లో రాయలసీమ కరవు, 1965లో పాకిస్థాన్‌తో యుద్ధం, 1977లో ఉప్పెన: ఈ మూడు సందర్భాల్లోనూ ఎన్.టి.రామారావు వీధుల్లో తిరిగి విరాళాలు సేకరించారు. 1977లో అక్కినేని నాగేశ్వరరావు కూడా జోలె పట్టారు. జోలెలో ఉన్న విశేషం చేతుల స్థానం. తెరపై రాజుగా, దేవుడుగా కనిపించే వ్యక్తి చేయి కింద ఉంటుంది. కూలి చేసుకునేవాడి చేయి పైన ఉంటుంది. అడిగేవాడు తార, ఇచ్చేవాడు సామాన్యుడు. ఇచ్చినవాడు ఆ క్షణంలో ప్రేక్షకుడు కాదు, దాత. గుంటూరు ఎ.సి. కళాశాలలో చదివి, కొద్దికాలం సబ్‌రిజిస్ట్రారుగా పనిచేసిన రామారావుకు ఈ పల్లెల నడవడి కొత్త కాదు. 1982లో పార్టీ స్థాపించి రథమెక్కినప్పుడు రోడ్డు కూడా కొత్త కాలేదు. దాతృత్వ యాత్రకూ రాజకీయ యాత్రకూ నడుమ ఉన్న ఈ దారిని మన సినిమా చరిత్రకారులు మరింత శ్రద్ధగా కొలవవలసి ఉంది.

1977 విపత్తు విషయంలో పేరు దగ్గర కొంచెం ఆగాలి. ఆ ఏడాది నవంబరు 19న తుపాను తీరం దాటింది చీరాల సమీపంలో. నాటికి చీరాల ప్రకాశం జిల్లాలో ఉంది. మన తీరాన్ని తాకే తుపానులో గాలులు అపసవ్యదిశలో తిరుగుతాయి కాబట్టి, అది తీరం దాటిన చోటుకు ఈశాన్యాన ఉన్న తీరం మీదికి సముద్రాన్ని నెడతాయి. ఆ వైపున గుంటూరు జిల్లా రేపల్లె, నిజాంపట్నం తీరమూ, దాని తరువాత కృష్ణాజిల్లా దివిసీమా ఉన్నాయి. సుమారు 5 మీటర్ల ఎత్తున లేచిన కెరటం దివిసీమను ముంచెత్తింది. మరణాల అధికారిక లెక్కే 10,000కు చేరువ. ప్రాణనష్టంలో పెద్దభాగం అక్కడే జరిగింది కనుక ‘దివిసీమ ఉప్పెన’ అన్న పేరు తప్పు కాదు. అయితే పేరు స్థిరపడిన తరువాత అది జ్ఞాపకానికి సరిహద్దు గీసింది. పత్రికలు, ప్రసంగాలు, జోలె యాత్రలు ఆ పేరుతోనే నడిచాయి. తుపాను కన్ను పడిన చీరాల గాని, పొలాలు ఉప్పునీట మునిగిన రేపల్లె తాలూకా గాని నేటి తెలుగు పాఠకునికి ఆ పేరు వినగానే స్ఫురించవు. సాహిత్యంలోనూ ఈ స్థితిని చూడవచ్చు. నగ్నముని దీర్ఘకావ్యం ‘కొయ్యగుర్రం’ ఆ ఉప్పెనపై వచ్చిన అత్యంత శక్తిమంతమైన కావ్యం. విమర్శకులు దానిని దివిసీమ కావ్యంగానే పరిచయం చేస్తారు. కవి ఆగ్రహం వ్యవస్థ మీద. విమర్శ ఇచ్చిన చిరునామా ఒక సీమకు.

జోలెకూ క్రీడకూ నడుమ ‘బెనిఫిట్ షో’ అన్న మాట నిలుస్తుంది. ఎవరో ఒకరి లబ్ధి కోసం వేసే ప్రదర్శన అని దానికి మూలార్థం. గ్రంథాలయం కోసం, పాఠశాల భవనం కోసం, కష్టంలో ఉన్న కళాకారుని కోసం నాటకాలు ఆడిన కాలంలో ఆ మాటకు ముందు ‘ఎవరి’ అన్నది తప్పక ఉండేది. నేటి తెలుగులో బెనిఫిట్ షో అంటే కొత్త చిత్రం విడుదలకు ముందు, తెల్లవారకముందే, అధిక ధరకు వేసే ఆట. లబ్ధిదారుడు మాటలోంచి జారిపోయాడు, మాట మాత్రం మిగిలింది. అర్థసంకోచం, అర్థవ్యాకోచం అన్న పాఠ్యపుస్తకపు విభాగాల్లో ఈ మార్పు ఇమడదు. ఒక సామాజిక సంబంధం తెగిపోయిన గుర్తు భాషలో ఇలా నిలిచింది.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్నాన్ని తాకింది. నవంబరు 30న తెలుగు చిత్రపరిశ్రమ హైదరాబాదులో ‘మేము సైతం’ పేరుతో కార్యక్రమం నిర్వహించింది. తారలు జట్లుగా విడిపోయి ఆడిన క్రికెట్ పోటీతో పాటు నృత్యాలు, హాస్యప్రసంగాలు గంటల తరబడి టెలివిజన్‌లో ప్రసారమయ్యాయి. సుమారు రూ. 11.5 కోట్లు సమకూరాయి. ఈ మొత్తాన్ని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. ఇల్లు కూలినవాడికి ఆ డబ్బు ఏ దారిన వచ్చినా డబ్బే. కాని ఆ పేరును వ్యాకరణదృష్టితో చూడాలి. శ్రీశ్రీ ‘జయభేరి’ ఎత్తుగడలోని ఏకవచన ఉత్తమపురుషను బహువచనం చేసి ఈ పేరు పెట్టారు. తెలుగులో ఉత్తమపురుష బహువచనానికి రెండు రూపాలున్నాయి. ‘మనం’ వినేవాడిని కలుపుకుంటుంది. ‘మేము’ వినేవాడిని బయట ఉంచుతుంది. శ్రీశ్రీ ‘నేను’ ఒంటరి మనిషి ప్రపంచంలో కలిసే ‘నేను’. కార్యక్రమం ఎంచుకున్న ‘మేము’ ఒక పరిశ్రమ తన్ను తాను గుర్తించుకునే ‘మేము’. ‘సైతం’ అన్న మాట ఇతరులు ముందే ఉన్నారని ఒప్పుకుంటుంది, నిజమే. అయినా ఆ ఇతరులు మైదానంలో లేరు. జోలె యాత్రలో దాతగా నిలిచిన పల్లెవాసి ఇక్కడ తెర ముందు కూర్చున్నాడు.

ఈ రూపం జాతీయ ప్రచారానికి ఎలా ఒదిగిందో 2011లో మొదలైన సెలబ్రిటీ క్రికెట్ లీగ్ తెలుపుతుంది. తెలుగు, తమిళ, కన్నడ, హిందీ చిత్రపరిశ్రమల నాలుగు జట్లతో ఆరంభమైన ఆ పోటీలో సినీ పరిశ్రమే భాషాజాతికి ప్రతినిధి అయింది. 2015, 2016 సంవత్సరాలలో తెలుగు వారియర్స్ గెలిచినప్పుడు దానిని తెలుగువారి విజయంగా చెప్పుకున్నారు. 2023లో అదే జట్టు విశాఖలో మళ్లీ కప్పు అందుకుంది. దానం ఈ పోటీకి ప్రధానలక్ష్యం కాదు. సహాయార్థ క్రీడలో పరీక్షకు నిలిచిన రూపం సహాయం లేకుండానే నిలదొక్కుకోగలదని లీగు నిరూపించింది. బ్రిటన్‌లో 2006 నుంచి జరుగుతున్న సాకర్ ఎయిడ్‌లోనూ నటులు, గాయకులు, మాజీ క్రీడాకారులు కలిసి ఆడతారు. అయితే డబ్బు యూనిసెఫ్‌కు చేరుతుందని పోటీ పేరుతోనే ప్రకటిస్తారు. మన దగ్గర ఆడేవారి పేర్లకు ఉన్న స్పష్టత అందుకునేవారి పేర్లకు లేదు.

ఇక తేదీ లేని విపత్తుల సంగతి. 1970ల నుంచి గుంటూరు, ప్రకాశం నల్లరేగడి భూముల్లో పత్తి విస్తరించింది. 1980ల మధ్యలో తెల్లదోమ పంటను కమ్మేసింది. సింథటిక్ పైరిత్రాయిడ్ మందులు ఎంత కొడితే దోమ అంత పెరిగింది. మందుల దుకాణదారే అప్పు ఇచ్చేవాడు కావడంతో పంట పోయిన రైతుకు మందు బాకీ, వడ్డీ రెండూ మిగిలాయి. 1987లో ఈ రెండు జిల్లాల్లో పత్తిరైతుల ఆత్మహత్యలు జరిగాయి. అయినా రాష్ట్రంలో రైతు ఆత్మహత్యల చరిత్ర అనగానే 1997–98 నాటి వరంగల్లు నుంచి మొదలుపెట్టడం పరిపాటి. ఉప్పెన విషయంలో జరిగినట్టే ఇక్కడా ప్రచారం ఒక పేరు దగ్గర స్థిరపడి మరో పేరును చెరిపింది. 2017 వేసవిలో గుంటూరు మిర్చియార్డులో ధర పతనమై, కేంద్రం మార్కెట్ జోక్యపథకం కింద క్వింటాలుకు రూ. 5,000 ప్రకటించవలసి వచ్చింది. 2021–22లో నల్ల తామరపురుగు మిరపపూతను తినేసింది. వీటిలో దేనికీ ‘మేము సైతం’ స్థాయి క్రీడోత్సవం జరగలేదు. తారలకు దయ లేకపోవడం దీనికి కారణమని చెప్పలేం. కెరటానికి ఫోటో ఉంది. వడ్డీకి ఫోటో లేదు. తుపానుకు ఎవరూ బాధ్యులు కారు కనుక అందరూ కలిసి ఆడవచ్చు. అప్పుకు, పురుగుమందుకు, ధరకు బాధ్యులున్నారు. వారిలో కొందరు అదే పోటీకి ప్రకటనదారులు కాగల అవకాశమూ ఉంది. 2016లో మంచు లక్ష్మి నిర్వహించిన టెలివిజన్ కార్యక్రమం మాత్రం ఇదే ‘మేము సైతం’ పేరును తీసుకుని, తారలచేత ఒకరోజు కూలిపనులు, చిల్లర వ్యాపారాలు చేయించి ఆ సొమ్మును కష్టాల్లో ఉన్న కుటుంబాలకు ఇచ్చింది. నిత్యదారిద్ర్యానికి అక్కడ చోటు దొరికింది, కాని ఒక్కొక్క ఇంటి కథగా మాత్రమే. పంటకూ ధరకూ ఉన్న లంకె ఆ చట్రంలో పట్టదు.

ఈ పల్లెలకు తమదైన క్రీడావితరణ సంప్రదాయం ఒకటుంది. సంక్రాంతికీ, తిరునాళ్లకూ జరిగే ఎడ్ల బండలాగుడు పోటీల్లో రెండు పళ్లు, నాలుగు పళ్లు, ఆరు పళ్లు అని ఎడ్ల వయసును బట్టి విభాగాలుంటాయి. ఇచ్చిన సమయంలో బండను ఎన్ని అడుగులు లాగాయన్నదే లెక్క. బహుమతి ఇచ్చేవారు ఊరి రైతులు, వ్యాపారులు, వలసవెళ్లిన బంధువులు. ప్రచారకాంక్ష ఇక్కడ లేదని కాదు, పుష్కలంగా ఉంది. దాత ఇంటిపేరు, తండ్రిపేరు, ఇచ్చిన మొత్తం మైకులో పదేపదే వినిపిస్తాయి. అయితే ఆ మైకులోనే, చాలాసార్లు ఆ వాక్యంలోనే, బహుమతి అందుకుంటున్న జత యజమాని పేరు, ఊరు, మండలం కూడా చదువుతారు.