వ్యాంపైర్ నమ్మకాలు: వైద్యుల రోగనిర్ణయం, చరిత్ర సాక్ష్యం

చనిపోయినవాడు ఖబరు నుండి లేచి వచ్చి బ్రతికి ఉన్నవారి రక్తం త్రాగుతాడనే నమ్మకం తూర్పు ఐరోపాలో చాలాకాలం పాతుకొని ఉండేది. ఆ పిశాచానికే వ్యాంపైర్ అని పేరు. నవలల ద్వారా, సినిమాల ద్వారా ఆ పేరు లోకమంతా ప్రాకింది. ఇరవయ్యవ శతాబ్దంలో కొందరు వైద్యులు, శాస్త్రవేత్తలు యీ నమ్మకం వెనుక ఏదో ఒక నిజమైన రోగం ఉండి తీరాలని భావించి దానిని వెదకసాగారు. పోర్ఫిరియా అన్నారు, పిచ్చికుక్క కాటు అన్నారు, పోషకాహార లోపం అన్నారు. వీరి ఉద్దేశం మంచిదే. కాని రోగిని పరీక్షించే ముందు ఆ రోగి ఎవరో తెలుసుకోవాలి గదా! ఆ పని వీరిలో చాలామంది చేయలేదు.

వీటిలో ఎక్కువ ప్రచారం పొందినది పోర్ఫిరియా వాదం. రక్తానికి ఎర్రదనమిచ్చే హీమ్ అనే పదార్థం శరీరంలో సక్రమంగా తయారు కాకపోతే, దాని ముడిసరుకైన పోర్ఫిరిన్లు పేరుకుపోతాయి. యీ రోగంలోని కొన్ని రకాలలో ఎండ తగిలితే చర్మం బొబ్బలెక్కి మచ్చలు పడుతుంది. మరీ అరుదైన ఒక రకంలో పళ్ళు కూడా ఎర్రబారుతాయి. 1964లో లీ ఇల్లిస్ అనే వైద్యుడు ఐరోపా వారి తోడేలు మనుషుల కథలకు యీ రోగమే మూలం కావచ్చునని వ్రాశాడు. 1985లో కెనడాకు చెందిన రసాయన శాస్త్రవేత్త డేవిడ్ డాల్ఫిన్ ఇంకొక అడుగు ముందుకు వేసి, పూర్వకాలపు పోర్ఫిరియా రోగులు తమలో కొరవడిన హీమ్ కోసం ఇతరుల రక్తం త్రాగి ఉండవచ్చునని అమెరికాలో జరిగిన ఒక విజ్ఞాన సభలో ప్రతిపాదించాడు. పత్రికలు దానిని అందిపుచ్చుకొన్నాయి.

వైద్యపరంగా చూచినా యీ వాదం నిలువదు. త్రాగిన రక్తం జీర్ణాశయంలో పడి విచ్ఛిన్నమైపోతుంది. హీమ్‌ను మందుగా వాడే మాట నిజమే కాని, దానిని నరం ద్వారా ఎక్కిస్తారు. అది కూడా ఎండకు చర్మం చెడే రకానికి కాదు, కడుపునొప్పి, నరాల బాధ హఠాత్తుగా కమ్ముకొనే తీవ్రరకాలకు. ఇక వ్యాంపైర్ ఎండకు కాలిపోతుందన్న మాటకు జానపదుల నమ్మకం ఆధారం కాదు. 1897లో బ్రామ్ స్టోకర్ వ్రాసిన 'డ్రాకులా' నవలలోని ప్రభువు లండన్ వీధులలో పట్టపగలే తిరుగుతాడు. సూర్యకాంతికి పిశాచం నశించిపోవడం 1922 నాటి జర్మన్ మూగచిత్రం 'నోస్‌ఫెరాతు'తో స్థిరపడిన సంగతి. సినిమావారి కల్పనకు రక్తపరీక్ష చేసినట్లయింది! దీనివల్ల నష్టం ఎవరికి? ఇప్పటికే మచ్చలు పడిన ముఖాలతో జనం చూపుల నుండి తప్పించుకొని తిరిగే రోగులకు. వారి జబ్బుకు 'వ్యాంపైర్ రోగం' అనే పేరు తగులుకొన్నది. అది నేటికీ పూర్తిగా వదలలేదు.

మరి వ్యాంపైర్‌ను గురించిన అసలు పత్రాలు ఏమంటున్నవి?

1718లో పస్సరోవిట్జ్ సంధి ద్వారా ఉత్తర సెర్బియాను ఆస్ట్రియా చక్రవర్తి ఉస్మానీ తుర్కుల నుండి పొందాడు. 1739 వరకు ఆ ప్రాంతం ఆస్ట్రియా సైన్యం చేతిలో ఉండినది. సరిహద్దు గ్రామాలలో జరిగే ప్రతి విషయాన్ని వ్రాతపూర్వకంగా పైకి తెలుపడం ఆ అధికారుల పద్ధతి. ఆ కారణంగానే పల్లెల్లో పాతకాలం నుండి ఉన్న యీ నమ్మకం కాగితానికెక్కి వియన్నాకు చేరింది.

1725లో కిసిలోవా గ్రామంలో పీటర్ ప్లోగోయోవిట్జ్ అనే రైతు చనిపోయిన పది వారాలకు, ఎనిమిది రోజుల వ్యవధిలో తొమ్మిది మంది చనిపోయారు. ఒక్కొక్కరు ఒక పగలు, ఒక రాత్రి మాత్రమే జబ్బుపడ్డారు. పీటర్ రాత్రి వచ్చి మీద పడుకొని గొంతు నులిమాడని వారు చెప్పారట. సమాధి త్రవ్వనివ్వకపోతే ఊరు విడిచి పోతామని జనం పట్టుబట్టారు. తుర్కుల కాలంలో ఇలాగే ఒక ఊరు ఊరంతా నాశనమైందని కూడా చెప్పారు. అధికారి వెళ్ళి చూచాడు. శవం కుళ్ళలేదు, ముక్కు మాత్రం కాస్త లోపలికి పోయింది. పాతచర్మం ఊడి క్రింద కొత్తచర్మం కనబడింది, వెంట్రుకలు, గోళ్ళు పెరిగినట్లు ఉన్నవి, నోటిలో పచ్చి రక్తం ఉంది. గుండెలో మేకు దిగగొట్టగా చెవుల నుండి, నోటి నుండి రక్తం కారింది. పిమ్మట దానిని కాల్చివేశారు. నివేదిక చివర ఆ అధికారి ఒక మనవి చేసుకొన్నాడు: ఇందులో తప్పేమైనా ఉంటే భయంతో ఒళ్ళు మరచిన జనానిదే గాని తనది కాదని. ఏ దేశపు అధికారి భాషైనా ఒకటే కాబోలు.

అంతకన్న ప్రసిద్ధమైనది మెద్వెద్యా గ్రామపు ఉదంతం. 1731 చివర అక్కడ వరుసగా చావులు సంభవించగా ముందుగా గ్లాసర్ అనే అంటువ్యాధుల వైద్యుని పంపారు. ఆయన ఇంటింటికీ తిరిగి చూచి, ప్లేగు వంటి అంటురోగమేదీ లేదనీ, కఠినమైన ఉపవాసాల వల్ల, తిండిలేమి వల్ల జనం జబ్బుపడుతున్నారనీ అభిప్రాయపడ్డాడు. గ్రామస్థులు దానితో తృప్తిపడలేదు. 1732 జనవరిలో ఫ్లూకింగర్ అనే సైనిక శస్త్రవైద్యుని నాయకత్వంలో మరొక బృందం వచ్చి సమాధులు త్రవ్వించి శవాలను పరీక్షించింది. మూడు నెలల్లో పదిహేడు మంది చనిపోయారని వ్రాసింది. కుళ్ళని శవాల తలలు నరికించి, దహనం చేయించి, బూడిదను మొరావా నదిలో కలిపించింది. అన్నిటికీ మూలం అర్నోద్ పావోలె అనే సిపాయి అని గ్రామస్థుల మాట. అతడు కొన్నేళ్ళ క్రితం గడ్డిబండి మీద నుండి పడి మెడ విరిగి చనిపోయాడు. యీ నివేదిక ఐరోపా అంతటా అచ్చయింది.

పాఠకులు ఇక్కడ ఒక విషయం గమనించాలి. యీ పత్రాలలో నేరం మోపబడినవాడు పాలిపోయిన ముఖంతో, కోరపళ్ళతో తిరిగే జీవించి ఉన్న మనిషి కాడు. వాడు శవం. ఎర్రగా, ఉబ్బి, పుష్టిగా ఉన్న శవం. దానికి పోర్ఫిరియా ఎందుకు? మట్టిలో, చలికాలంలో శవానికి సహజంగా జరిగేదే ఇక్కడ జరిగింది. లోపల పుట్టిన వాయువుల వల్ల పొట్ట ఉబ్బుతుంది. ఆ ఒత్తిడికి నలుపెక్కిన ద్రవం నోటి నుండి, ముక్కు నుండి బయటికి వస్తుంది. పైచర్మం జారిపోతుంది. చర్మం ముడుచుకొన్నందున గోళ్ళు, గడ్డం పెరిగినట్లు కనిపిస్తవి. మేకు దిగినప్పుడు ఛాతీలోని గాలి గొంతు గుండా వెలువడితే అది మూలుగులా వినబడుతుంది. పాల్ బార్బర్ అనే అమెరికన్ రచయిత 1988లో తన గ్రంథంలో యీ పోలికలన్నిటిని ఒక్కొక్కటిగా సరిచూపాడు. యుద్ధంలో అప్పుడే చచ్చినవారిని చూచిన సైనిక వైద్యులకు కూడా రెండు నెలల తరువాత ఖబరులో మయ్యిత్ స్థితి ఎలా ఉంటుందో తెలియకపోవడంలో వింత లేదు. 1755లో మొరావియాలో ఇటువంటి ఘటనే జరిగితే ఆస్ట్రియా రాణి మరియా థెరీసా ఆస్థాన వైద్యుడు వాన్ స్వీటెన్ చలి, గాలి చొరని పెట్టె వంటి కారణాల వల్ల శవం త్వరగా కుళ్ళదని వివరించాడు. రాణి సమాధులు త్రవ్వడాన్ని నిషేధించింది.

కాబట్టి రోగం కోసం వెదకవలసింది పిశాచం దేహంలో కాదు, దాని చేత చంపబడ్డారని చెప్పబడినవారి దేహంలో. ఒక ఇంట్లో ఒకరు పోయిన తరువాత ఇంకొకరు, పక్కింట్లో మరొకరు! గ్రామస్థులు చూచిన యీ వరుస అబద్ధం కాదు. దానికి వారు చెప్పిన కారణమే తప్పు. అమెరికాలోని రోడ్ ఐలాండ్ రాష్ట్రం, ఎక్సెటర్ గ్రామంలో 1892లో జరిగినది దీనికి తిరుగులేని తార్కాణం. జార్జి బ్రౌన్ అనే రైతు భార్య, పెద్ద కూతురు, పిమ్మట మరొక కూతురు మెర్సీ క్షయతో చనిపోయారు. కొడుకు ఎడ్విన్ కూడా అదే రోగంతో తీసుకొంటున్నాడు. మార్చిలో మూడు శవాలనూ పరీక్షించారు. జనవరిలో చనిపోయి, గడ్డకట్టే చలిలో ఉంచబడిన మెర్సీ శవం చెడలేదు. ఆమె గుండెను కాల్చి ఆ బూడిదను ఎడ్విన్ చేత త్రాగించారు. కొద్ది వారాలలో అతడు చనిపోయాడు. క్షయ క్రిమిని రాబర్ట్ కాక్ కనుగొని అప్పటికి పదేళ్ళు గడిచింది.

మిగిలిన వైద్యవాదాలను గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. 1998లో గోమెస్ అలోన్సో అనే స్పెయిన్ వైద్యుడు రేబిస్‌ను ముందుకు తెచ్చాడు. కరవడం, నిద్రలేమి, ఉద్రేకం యీ రోగంలో ఉన్న మాట వాస్తవం. కాని మెద్వెద్యాలో చనిపోయినవారెవరూ కరిచినట్లు, నీటిని చూచి బెదిరినట్లు నివేదికలో లేదు. మొక్కజొన్న మీదనే బ్రతికే బీదలకు వచ్చే పెల్లాగ్రా అని 1997లో ఇంకొక వాదం వచ్చింది. జొన్న తినే తెలంగాణా బీదలలో కనబడిన పెల్లాగ్రాను గూర్చి హైదరాబాదులో డాక్టర్ గోపాలన్ బృందం 1960 ప్రాంతంలో చేసిన పరిశోధన లోకప్రసిద్ధం. రోగం ఉన్న ప్రతిచోటా శవాలు లేచి రావు.

రక్తదాహం సంగతి వేరు. రక్తాన్ని ఆహారంగా తీసుకొనడమే రోగం అనలేము. ఆఫ్రికాలో మసాయీలు పశువుల రక్తం పాలతో కలిపి త్రాగుతారు. తెలంగాణాలో మేకరక్తం వండి 'నల్ల' అని తినేవారున్నారు. అజ్ఞానకాలపు అరబ్బులు కరువులో ఒంటె నరం కోసి రక్తం తీసుకొనేవారు. దివ్య ఖుర్ఆన్ దానిని హరాం చేసింది. రక్తహీనత ఉన్నవారికి మట్టి, బలపాలు, మంచుముక్కలు తినాలనిపించడం మన ఇళ్ళలో గర్భిణుల విషయంలో చూచేదే గాని, అది రక్తం మీదికి పోవడం సాధారణం కాదు. మనోవ్యాధి వల్ల రక్తం త్రాగేవారు బహు అరుదుగా ఉన్నారు. తుర్కీలోని ఒక రోగిని గురించి వైద్యులు 2012లో ప్రచురించారు. అతనిది తీవ్రమైన మానసిక ఆఘాతం నుండి పుట్టిన బాధ. ఇటువంటి ఒకరిద్దరి నుండి దేశదేశాల నమ్మకం పుట్టిందనడం సబబు కాదు.

ఇక ముస్లింల చరిత్రలో యీ విషయం ఎక్కడ నిలుస్తుంది? చంపబడినవాని పగ తీరకపోతే వాని పుర్రె నుండి 'హామా' అనే పక్షి వెలువడి, దాహం తీర్చమని సమాధి మీద అరుస్తుందని అజ్ఞానకాలపు అరబ్బులు నమ్మేవారు. హంతకుని రక్తంతోనే ఆ దాహం తీరాలి. దైవప్రవక్త (స) హామా లేదని స్పష్టంగా తోసిపుచ్చినట్లు సహీహ్ బుఖారీలో ఉంది. నమ్మకం కొట్టివేయబడింది, దానితోపాటు ఒక పగకు సాకు కూడా పోయింది.

అయినా బాల్కన్ దేశాలలో స్థిరపడిన ముస్లింలు ఇరుగుపొరుగు భయాలను పంచుకొనక తప్పలేదు. 1545 నుండి 1574 వరకు షైఖుల్ ఇస్లాంగా ఉన్న అబుస్సుఊద్ ఎఫెందీ ముందుకు సలోనికా దగ్గరి ఒక గ్రామం నుండి ప్రశ్న వచ్చింది. చనిపోయిన ఒక జిమ్మీ నడిరాత్రి తలుపులు తట్టి పేరు పెట్టి పిలుస్తున్నాడు, పిలువబడినవాడు మరునాడు చస్తున్నాడు, అక్కడి ముస్లింలు భయపడి పారిపోవచ్చునా? పారిపోరాదని ఆయన జవాబు. ప్లేగు వచ్చిన ఊరు విడువరాదన్న హదీసు ఆయన మనసులో మెదిలి ఉంటుందని నా ఊహ. కాని నివారణ ఏమిటని అడిగినప్పుడు ఆయన కూడా స్థానిక ఆచారాన్నే చెప్పాడు: మేకు దిగగొట్టడం, తల తీయడం, చివరకు కాల్చడం. మృతదేహానికి ఇస్లాం ఇచ్చిన గౌరవాన్ని ఎరిగినవారికి యీ ఫత్వా మింగుడుపడదు. ఊరు ఖాళీ కాకుండా ఆపడం ఆయన కర్తవ్యం, నిజమే. కాని అంతకు రెండు వందల ఏళ్ళకు పూర్వమే గ్రనాడాలో ఇబ్నుల్ ఖతీబ్ ప్లేగు ఒకరి నుండి ఒకరికి బట్టల ద్వారా, పాత్రల ద్వారా సోకుతుందని అనుభవంతో వాదించాడు. సలోనికా పల్లెలో తలుపు తట్టినదేమిటో తెలుసుకొనడానికి కావలసిన ఆలోచన ముస్లిం విద్వాంసుల దగ్గరే ఉన్నదన్న మాట.

రోగంతో గాని శవపు మార్పులతో గాని పూర్తిగా తేలని ప్రశ్న ఇంకొకటి ఉంది. పొరుగున ఎన్నో ఖబర్లుండగా ఫలానా ఖబరునే ఎందుకు త్రవ్వారు? 1833లో బల్గేరియాలోని తిర్నోవా ఖాజీ అహ్మద్ షుక్రూ ఎఫెందీ ఇస్తాంబూలుకు ఇలా వ్రాశాడు. సూర్యాస్తమయం కాగానే ఇళ్ళలో పిశాచాలు చొరబడి పిండిని, నెయ్యిని, తేనెను కలగలిపి పారవేస్తున్నవి, జనం మీద రాళ్ళు, కుండలు విసురుతున్నవి. రెండు పేటలవారు ఇళ్ళు వదిలి వెళ్ళారు. ఇస్లిమియె నుండి నికోలా అనే నిపుణుని ఎనిమిది వందల కురుష్‌లకు కుదిర్చారు. అతడు బొమ్మ ఉన్న ఒక చెక్కపలకను వ్రేలిపై త్రిప్పుతూ శ్మశానంలో నడిచాడు. పలక రెండు ఖబర్ల వైపు ఆగింది. అవి అలీ, అబ్దీ అనే ఇద్దరు పాత జానిసారీ సిపాయిలవి, బ్రతికినన్నాళ్ళు దౌర్జన్యాలకు పేరుపడినవారివి. మేకులు కొట్టారు, గుండెలు తీసి మరిగే నీటిలో వేశారు, ఫలితం లేక చివరకు షరీఅత్ అనుమతి పేరుతో శవాలను కాల్చారు. జానిసారీ సైన్యాన్ని సుల్తాన్ మహమూద్ 1826లో రక్తపాతంతో రద్దు చేసి అప్పటికి ఏడేళ్ళే అయింది. ఖాజీ గారి యీ ఉత్తరాన్ని అచ్చువేసినది 'తఖ్వీమె వఖాయి'. 1831లో అదే సుల్తాను స్థాపించిన ప్రభుత్వ గెజెట్టు అది.