జోసెఫ్ స్మిత్

జోసెఫ్ స్మిత్ (డిసెంబరు 23, 1805 - జూన్ 27, 1844) మోర్మన్ మతశాఖ స్థాపకుడు. అనుయాయులు ఇతనిని ప్రవక్తగా గౌరవిస్తారు. విమర్శకులు ఇతని దర్శనాలను కల్పనలుగా భావిస్తారు.

బాల్యం

స్మిత్ అమెరికాలోని వెర్మాంట్ రాష్ట్రంలో, షారన్ అనే ఊరిలో ఒక రైతు కుటుంబంలో జన్మించాడు. పంటలు దెబ్బతినడంతో ఆ కుటుంబం న్యూయార్క్ రాష్ట్రంలోని పామైరాకు తరలివెళ్ళింది. అప్పట్లో అక్కడ పలు క్రైస్తవ శాఖలు పోటాపోటీగా ప్రచారం చేస్తుండేవి. ఏ శాఖ సత్యమో తెలియక 1820లో వనంలో ప్రార్థించగా తనకు దైవదర్శనం కలిగిందని స్మిత్ తరువాతి కాలంలో తెలిపాడు. ఈ సంఘటన గురించి 1832లోను, 1838లోను అతడు ఇచ్చిన కథనాల మధ్య తేడాలున్నాయి.

మోర్మన్ గ్రంథం

మొరోనీ అనే దేవదూత చూపిన బంగారు రేకులను 1827లో ఒక గుట్ట నుండి వెలికితీశానని స్మిత్ ప్రకటించాడు. టోపీలో ఒక రాతిని ఉంచి, అందులో ముఖం ఆనించి అతడు వాక్యాలు చెప్పేవాడని, ఇతరులు వ్రాసుకొనేవారని సమకాలికులు పేర్కొన్నారు. 1828లో మార్టిన్ హారిస్ అనే రైతు తీసుకువెళ్ళిన 116 పుటలు తిరిగి దొరకలేదు. 1829లో ఆలివర్ కౌడరీ లేఖకుడిగా పని పూర్తయింది. హారిస్ తన పొలాన్ని తాకట్టు పెట్టగా, 1830 మార్చిలో 5,000 ప్రతులు వెలువడ్డాయి. ఇది ప్రాచీన కాలంలో అమెరికాకు వలస వచ్చిన ఇశ్రాయేలీయుల చరిత్ర అని విశ్వాసులు నమ్ముతారు. పురావస్తు ఆధారాలు ఈ నమ్మకాన్ని సమర్థించడం లేదు.

సంఘ స్థాపన, వలసలు

1830 ఏప్రిల్ 6న సంఘం ఏర్పడింది. మరుసటి సంవత్సరం స్మిత్ ఒహాయో రాష్ట్రంలోని కర్ట్‌లాండ్ చేరాడు. అక్కడ 1836లో తొలి దేవాలయం ప్రతిష్ఠించబడింది. మిస్సోరి రాష్ట్రంలో స్థానికులతో ఘర్షణలు చెలరేగగా, 1838లో గవర్నరు లిల్‌బర్న్ బాగ్స్ మోర్మన్లను నిర్మూలించాలని, లేదా రాష్ట్రం నుండి తరిమివేయాలని ఉత్తర్వు జారీచేశాడు. ఆ ఉత్తర్వు 1976లో మాత్రమే రద్దయింది. 1839లో వారు ఇల్లినాయ్ రాష్ట్రంలో, మిసిసిపీ నది ఒడ్డున నావూ పట్టణాన్ని నిర్మించుకొన్నారు.

మరణం

నావూలో స్మిత్ రహస్యంగా బహుభార్యత్వాన్ని ఆచరించాడు. 1844 జూన్‌లో ఈ విషయాన్ని బయటపెట్టిన పత్రిక ముద్రణాయంత్రాన్ని నగర పాలకమండలి ఆదేశంతో ధ్వంసం చేశారు. నగర మేయరు కూడా అయిన స్మిత్‌ను ఇందుకు బాధ్యుడిగా నిర్బంధించారు. జూన్ 27న సాయుధ మూక కార్తేజ్ జైలుపై దాడిచేసి, విచారణ జరగకముందే స్మిత్‌ను, అతని అన్న హైరమ్‌ను కాల్చి చంపింది.

అనంతర పరిణామాలు

వారసత్వ వివాదంతో అనుయాయులు చీలిపోయారు. అధిక సంఖ్యాకులు బ్రిగమ్ యంగ్ నాయకత్వంలో 1847లో సాల్ట్ లేక్ లోయకు చేరారు. ఆ సంఘం 1890లో బహుభార్యత్వాన్ని విడనాడుతున్నట్లు ప్రకటించింది. భారతదేశంలో ఈ సంఘపు మొదటి 'స్టేక్' (ప్రాంతీయ విభాగం) 2012లో హైదరాబాదులో ఏర్పడింది.