గుమ్మం అవతలివాళ్ళు – 7: లూసీ ఫారో

మా రెంటచింతల ఎండ గురించి పేపర్లు ప్రతి మే నెలా రాస్తాయి. ఆ ఎండలో రేకుల షెడ్డు కింద కూర్చుని ఉపవాస ప్రార్థన చేసే మా పల్లె ఆడవాళ్ళ గురించి ఎవరూ రాయరు. మొన్న క్లాసులో ఒకమ్మాయి అడిగింది: "మేడమ్, పెంతెకోస్తు తెల్లోళ్ళు తెచ్చిందే గదా?"

ఆమెకు చెప్పిందే ఇక్కడ రాస్తున్నా.

లూసీ ఫారో 1851లో అమెరికాలోని వర్జీనియాలో, నార్‌ఫోక్‌లో బానిసగా పుట్టింది. 1905 నాటికి హ్యూస్టన్‌లో ఒక చిన్న నల్లవాళ్ళ సంఘానికి కాపరి. పొట్టకూటికి చార్లెస్ పర్హామ్ అనే తెల్ల బోధకుడి పిల్లల్ని చూసుకునేది. ఆ కుటుంబంతో కాన్సాస్ వెళ్తూ తన సంఘాన్ని విలియం సీమోర్‌కి అప్పగించింది. అన్యభాషల అనుభవం ఆమెకు అక్కడే కలిగింది. తిరిగొచ్చి సీమోర్‌ని పర్హామ్ బైబిలు స్కూలుకి పంపింది.

స్కూలుకి అంటే గదిలోకి కాదు. జిమ్ క్రో చట్టాల కాలం. సీమోర్ బయట కూర్చుని, తెరిచి ఉంచిన తలుపులోంచి పాఠం విన్నాడు. ఇది చదివిన రోజు పుస్తకం మూసేశాను. మా నాయన అక్షరాలు దిద్దింది కూడా బడి వరండాలోనే.

1906లో సీమోర్ లాస్ ఏంజిలిస్ వెళ్ళాడు, కబురు పెడితే ఫారో కూడా వెళ్ళింది. అజూసా వీధిలోని పాత భవనంలో నల్లవాళ్ళూ తెల్లవాళ్ళూ పక్కపక్కనే మోకరించారు. ఫారో చేతులుంచి ప్రార్థించేది. అక్టోబరులో పర్హామ్ వచ్చి, ఆ కలిసి మోకరించడాన్నే అసహ్యంగా తిట్టాడు. పల్నాటివాళ్ళకి ఇది విడమరిచి చెప్పాలా? బాప్తిస్మం ఒకటే, కూర్చునే చోట్లే వేరు.

ఆ ఏడాది చివర్లో ఆమె లైబీరియా ఓడెక్కింది. మన్రోవియా దగ్గర జాన్సన్‌విల్‌లో నెలల తరబడి సువార్త చెప్పింది. క్రూ భాషలో ప్రసంగించిందని అజూసా పత్రిక రాసింది, నమ్మడం మానడం మీ ఇష్టం. నాకు గుచ్చుకునేది వేరే సంగతి. అమెరికా బానిసత్వం నుంచి బయటపడ్డవాళ్ళు, వాళ్ళ వారసులు స్థానిక జాతుల మీద పెత్తనం చేస్తున్న దేశమది. ఫారోని పొగిడేటప్పుడు ఆ మాట దాటేయకూడదు. మనలో మనం చేసుకునే పెత్తనాల్నీ దాటేయకూడదు.

1907లో తిరిగొచ్చి అజూసా వెనకున్న చిన్న ఇంట్లో, వచ్చినవాళ్ళ కోసం ప్రార్థన చేస్తూ గడిపింది. 1911లో హ్యూస్టన్‌లో క్షయతో పోయింది.

ఆ అమ్మాయి అంతా విని, తమ షెడ్డులో మొదటి ప్రార్థన పెట్టింది వాళ్ళ నాయనమ్మేనని చెప్పింది. పేరడిగితే కాసేపు ఆలోచించింది. అందరూ "ప్రార్థనమ్మ" అనే పిలిచేవాళ్ళట. ఇంటికెళ్ళి అసలు పేరు కనుక్కుని, రాసుకుని రమ్మన్నాను.