నాన్న అడిగిన ప్రశ్నకి 1969లో దొరికిన క్లూ

నా జిమ్ బ్యాగ్‌లో బీసీఏఏ పౌడర్ డబ్బా ఉంటుంది. మొన్న మా నాన్న దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "ఒరేయ్, షుగర్ ఉన్నోళ్లు ఇది తాగొచ్చా?" అని అడిగారు. నా దగ్గర ఆన్సర్ లేదు. వెతుకుతూ వెళ్తే 1969 దాకా వెళ్లాను.

బీసీఏఏ అంటే మూడు అమైనో ఆమ్లాలు: ల్యూసిన్, ఐసోల్యూసిన్, వాలిన్. మనం తిన్న ప్రోటీన్‌లోంచే వస్తాయి. మిగతా అమైనో ఆమ్లాల్లో చాలావాటిని లివర్ ముందే పట్టేసుకుంటుంది. వీటిని కోసే మొదటి ఎంజైమ్ మాత్రం లివర్‌లో దాదాపు ఉండదు. అందుకే ఇవి ఎక్కువగా కండరాలకే చేరతాయి. జిమ్‌లో వీటికి అంత క్రేజ్ అందుకే.

1969లో ఫిలిప్ ఫెలిగ్, మార్లిస్, కాహిల్ అనే ముగ్గురు అమెరికాలో స్థూలకాయం ఉన్నవాళ్ల రక్తం పరీక్షించారు. ఈ మూడూ, వీటితో పాటు టైరోసిన్, ఫినైల్ అలనిన్ కూడా ఎక్కువగా కనిపించాయి. ఇన్సులిన్ ఎంత ఎక్కువుంటే ఇవీ అంత ఎక్కువ. అంటే లాగ్ ఫైల్‌లో ఎర్రర్ క్లియర్‌గా పడింది. కానీ టికెట్ ఎవరూ సీరియస్‌గా తీసుకోలేదు! నా ఉద్దేశంలో కారణం సింపుల్: గ్లూకోజ్ కొలవడం తేలిక, అమైనో ఆమ్లాలు కొలవడానికి గంటలు పట్టేది.

మధ్యలో 1993లో ఇంకో ముక్క దొరికింది. లావెక్కిన ఎలుకల కొవ్వులోంచి టీఎన్‌ఎఫ్ ఆల్ఫా అనే వాపు పుట్టించే ప్రోటీన్ వస్తోందని, అది ఇన్సులిన్ పనికి అడ్డుపడుతోందని హోటామిస్లిగిల్, స్పీగెల్‌మన్ చూపించారు. ఆ కొవ్వులోనే బీసీఏఏని కాల్చే ఎంజైమ్‌లు కూడా తగ్గుతాయని తర్వాత తేలింది. కాలకపోతే ఏమవుతుంది? రక్తంలో మిగిలిపోతాయి.

2009లో న్యూగార్డ్ టీమ్ చేసిన ప్రయోగం నాకు బాగా నచ్చింది. కొవ్వు తిండికి బీసీఏఏ కలిపి ఎలుకలకి పెట్టారు. అవి తక్కువే తిన్నాయి, బరువూ పెద్దగా పెరగలేదు. అయినా ఇన్సులిన్ సరిగ్గా పనిచెయ్యలేదు. మామూలు తిండికి బీసీఏఏ కలిపితే మాత్రం ఆ ఇబ్బంది రాలేదు.

2011లో ఫ్రామింగ్‌హామ్ స్టడీ. షుగర్ రాకముందు 12 ఏళ్ల దాకా వెనక్కి వెళ్లి పాత రక్తం శాంపిల్స్ చూస్తే, తర్వాత షుగర్ వచ్చినవాళ్లలో అప్పటికే అయిదు అమైనో ఆమ్లాలు ఎక్కువున్నాయి. ఏ అయిదు? 1969 నాటి అవే అయిదు!

మరి ఇవి నిప్పా, పొగా? 2016లో ఒక జన్యు అధ్యయనం నిప్పు వైపు మొగ్గింది. ఆ తర్వాత వచ్చినవి ఇన్సులిన్ పాడైతేనే ఇవి పెరుగుతాయన్నాయి. గొడవ ఇంకా తెగలేదు.

నాన్నకి ఇదంతా చెప్పాను. "అంటే తాగొచ్చా, వద్దా?" అన్నారు. "పప్పు, గుడ్డు తినండి నాన్నా, అవీ ప్రోటీనే. ఈ పౌడర్ సంగతి డాక్టర్‌ని అడుగుదాం" అన్నాను. వచ్చే చెకప్‌కి రిపోర్ట్‌లతో పాటు డబ్బా కూడా పట్టుకెళ్తున్నాం.