యోగము, క్షేమము: కాజీపేట యినుప చరిత్ర

యోగక్షేమములను మాట మన నోట ప్రతిదినము వచ్చుచుండును. లేనిదానిని సంపాదించుట యోగము. ఉన్నదానిని కాపాడుకొనుట క్షేమము. ఇట్లని పెద్దలు దానికి అర్థము చెప్పిరి. అయితే మన చరిత్రగ్రంథములు యోగమును మాత్రమే వర్ణించి క్షేమమును విడిచిపెట్టుచున్నవి. రైలుమార్గము తెరవబడిన సంవత్సరము వానియందుండును. ఆ మార్గముపై నడచిన యంత్రమును కడిగి, గీకి, బిగించి నిలిపినవారి ప్రసక్తి యుండదు. ఈ లోపమెట్టిదో తెలిసికొనుటకు ఓరుగల్లు చెంతనున్న కాజీపేట చరిత్ర చాలును.

నిజాము రాజ్యమున వాడినుండి సికిందరాబాదునకు 1874లో రైలు వచ్చెను. 1886లో ఓరుగల్లు వఱకును, 1889లో బెజవాడ వఱకును ఆ మార్గము సాగెను. కాజీపేటనుండి బల్హార్షాకు వేసిన మార్గము 1929లో పూర్తికాగా ఢిల్లీ మద్రాసులు నేరుగా కలిసినవి. కాజీపేట గొప్ప కూడలి యయ్యెను. ఇల్లెందు ప్రాంతమున సింగరేణి బొగ్గు దొరకుచుండెను గనుక నిప్పునకు కొఱతలేదు. కాని యంత్రమునకు నిప్పెంత ముఖ్యమో నీరంత ముఖ్యము. చిక్కంతయు ఆ నీటియందే యున్నది.

ఈ చిక్కు మన గృహిణులకు క్రొత్తదికాదు. స్నానమునకు నీరు కాచు రాగి బాయిలరు పలువు రెఱుగుదురు. నడుమ నొక గొట్టము, అందులో బొగ్గునిప్పు, చుట్టును నీరు. కొంతకాలమునకు లోపల తెల్లని గార పట్టును. పట్టినకొలది నీరు కాగుట ఆలస్యమగును, బొగ్గు ఎక్కువగును. బావినీటిలో కరగియున్న సున్నపు లవణములు వేడికి విడిపోయి లోహమున కంటుకొనుటయే యిందుకు కారణము. ఆ గార వేడిమిని సులభముగా పోనీయదు. రైలింజను బాయిలరు ఈ రాగి బాయిలరునకు పెద్దన్న వంటిది. ఒక గొట్టమునకు మాఱుగా అందు అనేక గొట్టములుండును. వానిపై గార పేరుకొన్నచో వేడిమి నీటికి చేరక లోహమునందే నిలిచి దానిని కాల్చివేయును.

కావుననే నియమిత దినములకొకసారి ఇంజనును షెడ్డులో నిలిపి, నిప్పు దించి, బాయిలరును మెల్లగా చల్లార్చి, బిరడాలు విప్పి, నీటిధారతోను ఇనుపకడ్డీలతోను లోపలి గారను వెడలించుచుండిరి. తొందరపడి వేడి బాయిలరులో చన్నీరు పోసినచో లోహము ఒక్కసారిగా ముడుచుకొని అతుకులు కారును. అగ్నిపేటిక పైకప్పున సీసపు బిరడా యొకటి యుండును. నీరు తగ్గి కప్పు బయటపడెనా, సీసము కరగి ఆవిరి నిప్పుపైకి దూకి ప్రమాదమును చాటును. ఇంతటి జాగ్రత్తచేతనే ప్రయాణికుల ప్రాణములు నిలిచినవి. టిక్కెట్టు కొన్నవారిలో దీనిని తలచినవారెందఱు?

శీతల దేశములయందు ఇదే విద్య ఇంటింట వెలసినది. పోత ఇనుముతో చేసిన బోలు పలకలను వరుసగా కూర్చి, వానిలో వేన్నీటినిగాని ఆవిరినిగాని పాఱించి గదులను వెచ్చచేయుదురు. దీనికి రేడియేటరని పేరు. కిరణములను వెలువరించునది యని అర్థము. నిజమునకు వేడెక్కిన గాలి పైకి లేచుటచేతనే గది చాలవఱకు వెచ్చబడును. కనుక ఆ పేరు సగమే సార్థకము. పందొమ్మిదవ శతాబ్ది నడుమ సెంటు పీటర్సుబర్గులో ఫ్రాంజ్ సాన్ గల్లి దీనిని కల్పించెనందురు. నూఱేండ్లు దాటియు పనిచేయు రేడియేటర్లు కలవు. వాని దీర్ఘాయువునకు రహస్యమేమనగా, మూసియుంచిన గొట్టములలో నీరు మార్పకుండుట. క్రొత్తనీరు పోసినపుడెల్ల దానితోకూడ ప్రాణవాయువు ప్రవేశించి త్రుప్పు పుట్టించును. పైన చిక్కిన గాలిని వదలవలెను, అడుగున చేరిన నల్లని మడ్డిని కడుగవలెను. పోత ఇనుము బలమైనదైనను పెళుసు. లోపలి నీరు గడ్డకట్టిన పగులును. అప్పుడు సాధ్యమైనచో పగిలిన పలకను మాత్రమే మార్చుదురు, తక్కినవానిని పాఱవేయరు.

కాజీపేటకు రేడియేటరు వేఱొక రూపమున వచ్చినది. ఆవిరియింజనుల వెనుక డీజిలింజనులు వచ్చినవి. వీనిలో నీటిపని తలక్రిందయ్యెను. చలిదేశపు ఇంట రేడియేటరు కోరిన వేడిని పంచిపెట్టును. డీజిలింజనులో అక్కఱలేని వేడిని బయటకు పాఱద్రోలును. ఇది పోత ఇనుముది కాదు. రాగి ఇత్తడుల సన్నని గొట్టములది. అయినను శుద్ధజలము పోయవలెను, త్రుప్పును నివారించు మందు కలుపవలెను, దుమ్ము దులుపవలెను. భారతదేశపు పెద్దలైను మీద నిత్యప్రయాణపు ఆవిరిబండ్లు 1995తో ముగిసినవి. నేడు విద్యుదింజనులు నడచుచున్నవి. వాని ట్రాన్సుఫార్మరు నూనెను చల్లార్చుటకును రేడియేటరు కావలసియే యున్నది. యంత్రము మాఱెను, క్షేమధర్మము మాఱలేదు.

పాతదానిని ఎప్పుడు మార్చవలెను? బాగుచేయుటకగు వ్యయము ఫలమును మించినపుడు, లేదా ప్రాణహాని కలుగునపుడు. ఇందు వివాదములేదు. కాని యంత్రముతోపాటు దానిని పోషించిన విద్యను కూడ తుక్కులో వేయుట న్యాయమా? సుత్తితో తట్టి, ధ్వనినిబట్టి లోహపు పగులు కనిపెట్టిన చెవులకు విలువ లేదా? మన పూర్వులు చెరువును నిలిపినవారికి దశబంధమను మాన్యము నిచ్చి, ఆ సంగతి రాతిపై చెక్కించిరి. క్షేమమునకు వారు శాసనగౌరవ మిచ్చిరి. మనమో, చేతికి మసి అంటిన పని తక్కువదని బిడ్డలకు నేర్పుచున్నాము. ఇనుమునకు పట్టిన గారను గీకవచ్చును. బుద్ధికి పట్టిన యీ గారను గీకుట కష్టము.

2023లో కాజీపేటయందు రైలుపెట్టెల నిర్మాణశాలకు శంకుస్థాపన జరిగినది. అది యోగము, సంతోషింపదగినదే. బాయిలర్లు కడిగిన వృద్ధులు జీవించియుండగనే వారి పనితీరును, వారి పలుకుబళ్లను, వారి పనిముట్ల పేర్లను మన విద్యార్థులు వ్రాసికొందురుగాక. అది క్షేమము. ఈ రెండును కూడిననే చరిత్ర సంపూర్ణమగును.