గెస్ట్ లోపలి నుంచి పనితీరు కొలత: చరిత్ర

ఒకే కంప్యూటరు మీద హైపర్‌వైజర్ అనే నియంత్రణ సాఫ్ట్‌వేర్ పలు వర్చువల్ మెషీన్లను నడుపుతుంది. ఒక్కో మెషీన్ లోపలి ఆపరేటింగ్ సిస్టమ్‌ను గెస్ట్ అని, అన్నిటినీ మోసే అసలు యంత్రాన్ని హోస్ట్ అని అంటారు. ప్రాసెసర్, మెమరీ, డిస్కు ఎంత ఖర్చవుతున్నాయో గెస్ట్ లోపల ఉంటూనే లెక్కగట్టడం ఈ వ్యాస విషయం. ఇందులో చిక్కంతా ఒక్కచోటే ఉంది. కొలిచే ప్రోగ్రాము కూడా హైపర్‌వైజర్ ప్రాసెసర్‌ను ఇచ్చినంతసేపే నడుస్తుంది. ఇవ్వని సమయంలో ఏం జరిగిందో దానికి తెలిసే దారి లేదు. ఆ తెలియని భాగాన్ని గెస్ట్‌కు చెప్పడానికి చేసిన ప్రయత్నాలే ఈ చరిత్ర.

మొదలు 1960లలో, అమెరికాలోని మసాచుసెట్స్‌లో ఉన్న ఐబీఎం కేంబ్రిడ్జ్ సైంటిఫిక్ సెంటర్‌లో. అక్కడ పుట్టిన సీపీ-40, సీపీ-67 వ్యవస్థల వారసత్వంగా 1972 ఆగస్టులో ఐబీఎం వీఎం/370ని ప్రకటించింది. అందులో మామూలు వినియోగదారు కూడా ‘ఇండికేట్’ కమాండ్ కొట్టి మొత్తం యంత్రం మీద భారం ఎంత ఉందో అడగగలిగేవాడు. హైపర్‌వైజర్‌తో గెస్ట్ నేరుగా మాట్లాడటానికి ‘డయాగ్నోజ్’ అనే సూచన ఉండేది. గెస్ట్‌కు నిజం చెప్పాలన్న ఆలోచన తొలితరంలోనే ఉందన్నమాట. వర్చువలైజేషన్‌కు గణిత పునాది వేసిన 1974 నాటి వ్యాసాన్ని జెరాల్డ్ పోపెక్‌తో కలిసి రాసిన రాబర్ట్ గోల్డ్‌బర్గ్, మరుసటి ఏడే జెఫ్రీ బ్యూజెన్, హెరాల్డ్ ష్వెంక్‌లతో కలిసి బీజీఎస్ సిస్టమ్స్ స్థాపించారు. ఆ సంస్థ చేసిన వ్యాపారం కంప్యూటర్ల పనితీరు అంచనాయే. ఈ రెండు విద్యలూ ఒకే మనిషిలో కలవడం యాదృచ్ఛికం కాదని ఈ రంగం తెలిసినవారికి అనిపించక మానదు.

1998లో స్థాపించిన వీఎంవేర్ వర్చువల్ మెషీన్లను మామూలు ఎక్స్86 కంప్యూటర్లకు తెచ్చింది. అయితే ఆ గెస్టులు తాము వర్చువల్ మెషీన్‌లో ఉన్నామని ఎరుగనివి. వాటి లెక్కంతా టైమర్ టిక్కుల మీద సాగేది. సెకనుకు 1000 టిక్కులు పెట్టుకున్న లినక్స్ గెస్ట్‌ను తీసుకోండి. ప్రతి టిక్కుకూ, ఆ క్షణాన నడుస్తున్న ప్రోగ్రాము ఖాతాలో ఒక మిల్లీసెకను పడుతుంది. ఇప్పుడు హైపర్‌వైజర్ దాన్ని 40 మిల్లీసెకన్లు పక్కన పెట్టి వేరే మెషీన్‌ను నడిపిందనుకుందాం. తిరిగి వచ్చాక పేరుకుపోయిన 40 టిక్కులూ గబగబా వచ్చి పడతాయి. ఏ ప్రోగ్రాము ఎదురుగా ఉంటే దాని ఖాతాలోకే అవన్నీ పోతాయి. చేయని పనికి ఆ ప్రోగ్రాము దోషి అవుతుంది. గెస్ట్ చూపిన ప్రాసెసర్ శాతాన్ని నమ్మి నిర్దోషి కోడ్‌ను తిరగరాయడానికి ఇంతకన్నా కారణం అక్కర్లేదు.

దీనికి సరైన జవాబు మళ్లీ ఐబీఎం మెయిన్‌ఫ్రేమ్, అంటే పెద్ద కంప్యూటర్ల, వైపు నుంచే వచ్చింది. ఐబీఎం యంత్రాల్లో వర్చువల్ ప్రాసెసర్‌కు సొంత టైమర్ ఉంటుంది. ప్రాసెసర్ చేతిలో ఉన్నంతసేపే అది తిరుగుతుంది. గోడ గడియారం చూపిన కాలంలోంచి దాన్ని తీసేస్తే, గెస్ట్‌కు దక్కకుండా పోయిన సమయం తేలుతుంది. దీనికి ‘స్టీల్ టైమ్’ అని పేరు పెట్టి 2005 మార్చిలో విడుదలైన లినక్స్ 2.6.11లో చేర్చారు. టాప్ కమాండ్ తెరపై కుడి చివర కనిపించే ‘ఎస్‌టీ’ అంకె ఇదే. ఈ చరిత్ర మొత్తంలో ఇంత మేలు చేసిన అంకె మరొకటి లేదు. ప్రాసెసర్ దొరకలేదన్న సంగతిని అది దాచకుండా ఒప్పుకుంటుంది.

2003లో ఇంగ్లండులోని కేంబ్రిడ్జ్ విశ్వవిద్యాలయ బృందం వెలువరించిన జెన్ హైపర్‌వైజర్, వర్చువల్ ప్రాసెసర్ నడుస్తున్నదా, వంతు కోసం వేచి ఉన్నదా, నిద్రలో ఉన్నదా అనే వివరాలను గెస్ట్‌తో పంచుకున్న మెమరీలో రాసిపెట్టేది. 2007లో లినక్స్‌లో కలిసిన కేవీఎం హైపర్‌వైజర్‌కు ఈ సదుపాయం 2011లో వచ్చింది.

మెమరీ కథ వేరు. 2002లో వీఎంవేర్‌కు చెందిన కార్ల్ వాల్డ్‌స్పర్గర్ వివరించిన బెలూన్ పద్ధతిలో, హోస్ట్‌కు మెమరీ కావలసినప్పుడు గెస్ట్ లోపలి ఒక డ్రైవర్ మెమరీని పట్టుకుని బయటికి అప్పగిస్తుంది. లోపలినుంచి చూసేవారికి ఖాళీ మెమరీ ఎందుకు తరిగిపోయిందో అర్థం కాదు. 2009 నాటి వీఎంవేర్ వీస్ఫియర్ 4తో విండోస్ గెస్టుల పెర్ఫార్మెన్స్ మానిటర్‌లో హోస్ట్ ఇచ్చే అసలు అంకెలు కనిపించసాగాయి.

ప్రాసెసర్‌లోని హార్డ్‌వేర్ కౌంటర్లు, అంటే ఎన్ని సూచనలు నడిచాయో, క్యాష్ ఎన్నిసార్లు తప్పిందో లెక్కించేవి, గెస్ట్‌కు చాలాకాలం అందలేదు. 2005లో జెన్ కోసం వచ్చిన జెనోప్రాఫ్ అనే పనిముట్టు దారి చూపింది. 2012లో కేవీఎం, వీస్ఫియర్ 5.1 రెండూ వర్చువల్ కౌంటర్లు ఇచ్చాయి. అమెజాన్ క్లౌడ్‌లో పెద్ద సైజు మెషీన్లకు ఇవి అందినట్టు 2017లో పనితీరు నిపుణుడు బ్రెండన్ గ్రెగ్ రాశారు.

మళ్లీ స్టీల్ అంకె సంగతికొస్తే, అది ఎక్కువైతే తప్పు పొరుగు మెషీన్‌దేనని అనుకోకూడదు. అమెజాన్ 2014లో తెచ్చిన టీ2 తరహా మెషీన్లలో సీపీయూ క్రెడిట్లు, అంటే ప్రాసెసర్ వాడకానికి ఇచ్చిన కోటా, అయిపోతే హైపర్‌వైజర్ కళ్లెం వేస్తుంది, అదీ స్టీల్‌గానే కనిపిస్తుంది. సున్నా చూసి నిశ్చింత పడటం కూడా ప్రమాదమే. వీఎంవేర్ మీద నడిచే లినక్స్‌కు ఈ లెక్క 2020లో వచ్చిన 5.7 కెర్నల్‌తోనే మొదలైంది. అంతకు ముందరి కెర్నల్ వాడుతున్నవారు ఆ సున్నాను పక్కనపెట్టి, హోస్ట్ నిర్వాహకుల దగ్గర, గెస్ట్ వంతు కోసం వేచి ఉన్న కాలాన్ని చూపే ‘రెడీ టైమ్’ అంకె అడిగి తెప్పించుకోవాలి.