"కంటికి కన్ను": పగకు అనుమతియా, పగకు హద్దా?

"కంటికి కన్ను, పంటికి పల్లు" అనే మాట మన వాడుకలో పగకు మారుపేరైపోయింది. ప్రతీకారాన్ని సమర్థించుకొనేవారు దీనిని ఆధారంగా తీసుకుంటారు. పాత నిబంధన క్రూరమైనదని వాదించేవారు కూడా దీనినే చూపుతారు. ఈ మాట పుట్టిన సందర్భాన్ని పరిశీలిస్తే ఈ రెండు అభిప్రాయాలూ నిలువవు.

ఈ సూత్రం ఇశ్రాయేలీయులతో ప్రారంభం కాలేదు. 1901-02లో సూసా త్రవ్వకాలలో బయటపడి, ప్రస్తుతం పారిస్ లూవ్ర్ మ్యూజియంలో ఉన్న హమ్మురాబి శిలాశాసనం (సుమారు క్రీ.పూ. 1750) 196వ చట్టంలో ఇది కనిపిస్తుంది. అయితే అక్కడ కంటి విలువ మనిషి హోదాను బట్టి మారుతుంది. ఉన్నత వర్గీయుని కన్ను పోగొట్టిన మరొక ఉన్నత వర్గీయుని కన్ను తీస్తారు. సామాన్యుని కంటికైతే ఒక మినా, అనగా సుమారు అరకిలో వెండి చెల్లిస్తే చాలు. బానిస కంటికి అతని వెలలో సగమే.

ధర్మశాస్త్రంలో ఈ మాట మూడు చోట్ల ఉంది (నిర్గమ 21:24, లేవీ 24:20, ద్వితీ 19:21). లేవీయకాండములో ఆ వెంటనే పరదేశికీ స్వదేశికీ ఒకే న్యాయమని చెప్పబడింది. నిర్గమకాండములో, యజమాని తన దాసుని కన్ను గాని పల్లు గాని పోగొడితే ఆ దాసుని స్వతంత్రునిగా పంపివేయవలెను. ద్వితీయోపదేశకాండములో ఇది అబద్ధసాక్షి విషయమై న్యాయాధిపతుల విచారణకు సంబంధించిన ఆజ్ఞ. సొంతంగా పగతీర్చుకొనుటను లేవీ 19:18 నిషేధిస్తున్నది.

ఈ నియమం ఎందుకు అవసరమైందో ఆదికాండము 4వ అధ్యాయంలోని లెమెకు మాటలు తెలుపుతాయి. తనకు తగిలిన గాయానికి అతడు ఒక ప్రాణమే తీసి, డెబ్బది యేడంతల పగను గూర్చి అతిశయించాడు. అటువంటి పగకు ధర్మశాస్త్రం గీసిన గీత ఇది: ఒక కంటికి ఒక కన్నే, అంతకు మించరాదు.

యూదు బోధకులు దీనిని నష్టపరిహారంగానే అన్వయించారు. నరహంతకుని ప్రాణానికి విమోచన ధనం తీసికొనరాదని సంఖ్యా 35:31 చెబుతున్నందున, ఇతర గాయాలకు తీసికొనవచ్చునని వారు తర్కించారు. క్రీ.శ. 200 ప్రాంతంలో కూర్చబడిన మిష్నా నష్టం, నొప్పి, వైద్యం, పని కోల్పోవుట, అవమానం అనే ఐదింటికి పరిహారం నిర్ణయించింది.

మత్తయి 5:38-39లో యేసు ఈ మాటను ఎత్తి, కీడుకు ఎదురుదెబ్బ కొట్టే హక్కునే విడిచిపెట్టమన్నాడు. ధర్మశాస్త్రం పగకు హద్దు పెట్టింది. ఆయన ఆ దారిలోనే మరింత ముందుకు నడిపించాడు. కనుక ఈ మాటను చూపి పగను సమర్థించుట, ఆ హద్దును చెరిపివేయుటే అవుతుంది.